క్షమించమనడానికి మీరెవరు?

హైదరాబాద్ అశోక్‌నగర్ జిరాక్స్ షాపుల్లో స్పైరల్ బైండింగ్ వేసి అమ్మే నోట్సుల్లో ఒక జవాబు ఏళ్ల తరబడి పెద్దగా మారకుండా చేతులు మారుతోంది. ‘ఘర్షణ తర్వాత జాతిని కలపడంలో మతం పాత్ర’ అని అడిగినా, ‘ప్రజాజీవితంలో క్షమాగుణం’ అని అడిగినా ఆ జవాబు ఒకే దారిన పోతుంది. దక్షిణాఫ్రికా, మండేలా, ఆర్చిబిషప్ డెస్మండ్ టుటు, క్రైస్తవ క్షమ, దాంతో మానిన జాతి గాయం. చివర్న బాణం గుర్తులతో ఓ బొమ్మ: క్షమ నుంచి సయోధ్య, సయోధ్య నుంచి సమైక్యత. ఓ మోస్తరు మార్కులు వస్తాయి కాబట్టి ఎవరికీ అభ్యంతరం ఉన్నట్టు లేదు.

నాకుంది. ఈ మాట ఉద్యోగాల కోసం కుస్తీ పడుతున్న పిల్లలు పుట్టించింది కాదు. ఆదివారం ప్రసంగాల్లో పాస్టర్లు అనేదీ ఇదే, సర్వమత సమావేశాల్లో శాలువాలు కప్పించుకునే పెద్దలు అనేదీ ఇదే. ఊళ్లో దాడి జరిగాక ‘కేసు వాపసు తీసుకోండ్రా, మీది క్షమించే మతం కదా’ అని నచ్చజెప్పడానికి వచ్చే పెద్దమనుషులకైతే ఇది కంఠోపాఠం. ఘర్షణ తర్వాత క్రైస్తవం చేయగల మేలల్లా దెబ్బతిన్నవాడి చేత క్షమింపజేయడమే అన్నది వీళ్లందరి నమ్మకం. చరిత్ర ప్రకారం ఇది తప్పు. బైబిలు ప్రకారం తప్పు. తెలుగు నేల మీదైతే దీన్ని అన్యాయం అనే అనాలి.

టుటు దగ్గరే మొదలుపెడదాం, ఆయన పేరు చెప్పే కదా ఇదంతా నడుస్తోంది. ఆయన నడిపిన సత్య సయోధ్యా సంఘం ఆయన ప్రార్థనలోంచి ఊడిపడలేదు. 1995లో దక్షిణాఫ్రికా పార్లమెంటు చేసిన చట్టంతో ఏర్పడింది. నేరస్తుడు తానే దరఖాస్తు పెట్టుకోవాలి. చేసినదంతా, ఎవరు చేయమన్నారో సహా, దాచకుండా చెప్పాలి. ఆ నేరం రాజకీయ ఉద్దేశంతో జరిగినదై ఉండాలి. ఇవన్నీ కుదిరితేనే శిక్ష నుంచి మినహాయింపు. అందిన దరఖాస్తులు 7,112. మినహాయింపు దొరికింది 849 మందికి. అయిదు వేలకు పైగా దరఖాస్తులను తోసిపుచ్చారు. జాతి వివక్షపై పోరాడిన స్టీవ్ బికోను పోలీసు కస్టడీలో చంపినవాళ్లు అడిగితే కుదరదన్నారు. అదే పోరాటంలోని క్రిస్ హానీని కాల్చి చంపినవాళ్లకూ కుదరదన్నారు. బికో కుటుంబమైతే ఈ మినహాయింపు చట్టమే చెల్లదని రాజ్యాంగ న్యాయస్థానం దాకా వెళ్లి 1996లో ఓడిపోయింది. హంతకులకు క్షమ పంచిపెట్టిన సభ అని మనం చెప్పుకునే సంఘం, వచ్చినవాళ్లలో అత్యధికులను తిప్పి పంపిన సంఘం. జిరాక్స్ నోట్సులో ఈ అంకెలు కనిపించవు.

ఇంకోటీ కనిపించదు. 1997 నవంబరులో ఆ సంఘం ముందుకు మతసంస్థలు కూడా వచ్చి నిలబడాల్సి వచ్చింది. జాతి వివక్షకు దశాబ్దాల పాటు లేఖనాల నుంచి రుజువులు వెతికిచ్చిన డచ్ రిఫార్మ్‌డ్ చర్చి సంజాయిషీ చెప్పుకున్నది అక్కడే. అంటే క్రైస్తవం ఆ సభలో మధ్యవర్తి కుర్చీలో మాత్రమే కాదు, బోనులోనూ ఉంది. సంఘం సిఫారసు చేసిన నష్టపరిహారానికి చివరికి ఏమైంది? 2003లో ప్రభుత్వం తలా 30 వేల రాండ్లు ఇచ్చి చేతులు దులుపుకుంది. బాధితులు అడిగింది అంతకు ఎన్నో రెట్లు. క్షమ ఖరీదు ఎవరు కట్టారో తెలుస్తూనే ఉంది.

1985 అనే ఏడాదిని కాస్త దగ్గరగా చూడాలి. ఆ సెప్టెంబరులో సోవెటో నుంచి నల్లజాతి పాస్టర్లు, వేదాంతులు కైరోస్ పత్రం అనే ప్రకటన విడుదల చేశారు. అణచివేత కొనసాగుతుండగా సయోధ్య గురించి బోధించడం అణచేవాడికి కొమ్ముకాయడమేనని, ముందు పశ్చాత్తాపం, న్యాయం జరగాలని వాళ్లు తమ చర్చినే నిలదీశారు. దానికి రెండు నెలల ముందు, జులై 17న, అప్పటి ప్రకాశం జిల్లా కారంచేడులో ఆరుగురు మాదిగలను నరికి చంపారు. మంచినీళ్ల చెరువును పాడుచేస్తున్నారని అడిగినందుకు, కొట్టబోతే ఓ మాదిగ స్త్రీ బిందె ఎత్తినందుకు మొదలైన గొడవ అది. అదే ఏడాది సెప్టెంబరు 30న సుప్రీంకోర్టు సూసై కేసులో తీర్పు చెప్పింది. మద్రాసులో రోడ్డు పక్కన చెప్పులు కుట్టుకునే మనిషి, షెడ్యూల్డు కులాల వాళ్లకు ప్రభుత్వం ఇచ్చే బంకు తనకూ ఇమ్మని అడిగాడు. క్రైస్తవుడివి కాబట్టి ఇవ్వం అన్నారు. కోర్టుకెక్కితే, మతం మారాక కూడా కుల పీడన అంతే తీవ్రంగా సాగుతోందని చూపించే ఆధారాలు చాలలేదని కోర్టు అంది. ఆ ఆధారం కారంచేడులో రెండున్నర నెలల ముందే నెత్తురై పారింది.

కారంచేడు నుంచి పారిపోయిన జనం చీరాల చేరారు. అక్కడ ఓ చర్చి ఆవరణలో శిబిరం వెలిసింది. కత్తి పద్మారావు, బొజ్జా తారకం లాంటి దళిత నాయకులు అక్కడికొచ్చారు. సెప్టెంబరు 1న తెనాలిలో దళిత మహాసభ పుట్టింది. క్రైస్తవం మన దగ్గర ఘర్షణ తర్వాత చేసిన పని ఏదని ఎవరైనా అడిగితే నేను మొదట చూపించేది ఆ ఆవరణనే. అక్కడ చర్చి చేసిందల్లా గేటు తెరవడం. తెరిచిన గేటులోంచి వంటపొయ్యిలు, పసిపిల్లలు, జెండాలు, పత్రికల వాళ్లు, ప్లీడర్లు, అందరూ లోపలికొచ్చారు. ఆ జనం ఊరికి తిరిగి వెళ్లం అన్నారు. చీరాలలోనే తమకు ఇళ్లు కావాలన్నారు, విజయనగర్ కాలనీ అలా వచ్చింది. సయోధ్య కోరేవాళ్ల లెక్కలో ఇది వైఫల్యం. నా లెక్కలో కాదు. తమను చంపినవాళ్ల పొలాల్లో మళ్లీ కూలికి వంగక్కర్లేని చోటు సంపాదించుకున్నారు, అంతే.

చట్టం ఆలస్యం చేస్తే ఏమవుతుందో కూడా కారంచేడే చూపించింది. కేసులో ప్రధాన నిందితుడు, అప్పటి ముఖ్యమంత్రి ఎన్టీ రామారావు వియ్యంకుడు దగ్గుబాటి చెంచురామయ్యను 1989లో నక్సలైట్లు చంపేశారు. సుప్రీంకోర్టు చివరి మాట 2008 డిసెంబరులో గానీ రాలేదు: ఒకరికి యావజ్జీవం, మరో 29 మందికి మూడేళ్లు. న్యాయం ఇరవై మూడేళ్లు నడిచేలోగా తుపాకీ నాలుగేళ్లలో వచ్చి వెళ్లింది. ‘కోర్టులెందుకు, క్షమించి ఊరుకోండి’ అనేవాళ్లు ఈ సంగతి ఆలోచించాలి. కోర్టును వదులుకున్న చోట శాంతి రాదు, ఇంకెవరో వస్తారు.

ఇక చుండూరు. 1991 ఆగస్టు 6న అప్పటి గుంటూరు జిల్లాలోని ఆ ఊళ్లో ఎనిమిది మంది దళితులను చంపి, కొన్ని శవాలను గోనె సంచుల్లో కుక్కి కాలవలో పడేశారు. సినిమా హాల్లో కాలు తగిలిందన్న తగాదా, ఆపైన నెల రోజుల వెలి, చివరికి ఇది. బాధితుల్లో ఎక్కువమంది క్రైస్తవులే. చనిపోయినవాళ్లను ఊరి శివారు శ్మశానానికి తీసుకుపోకుండా ఊళ్లోనే పాతిపెట్టి ఆ చోటుకు రక్తక్షేత్రం అని పేరు పెట్టుకున్నారు. విచారణ ఎక్కడో కాదు, నేరం జరిగిన ఊళ్లోనే జరగాలని పట్టుబట్టి ప్రత్యేక కోర్టును చుండూరు రప్పించుకున్నారు. 2007 జులై 31న ఆ కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది శిక్ష వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందర్నీ నిర్దోషులంది.

చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ బయట టీ తాగుతూ ఈ విషయం మాట్లాడుతుంటే గ్రూప్స్‌కు చదువుతున్న పాలమూరు కుర్రాడొకడు నన్ను పట్టుకున్నాడు. “సార్, మీరనేది మంచిగనే ఉంది గని, ఆఖరికి అందర్ని ఇడిసిపెట్టిన్రు గద. మొదట్నే మాఫ్ జేసి ఉంటె ఇర్వైమూడేండ్లు కోర్టుల సుట్టు తిరిగే తిప్పలన్న తప్పుతుండె.” తెలివైన ప్రశ్న. ఖండించాల్సిన అభిప్రాయం ఇంతకంటే పదునుగా ఎవరూ చెప్పలేరు.

“ఎవర్ని మాఫ్ చేయాలి బాబూ?” అన్నాను. “మేమే చంపాం అని ఒక్కడైనా ముందుకొచ్చాడా?” వాడు గ్లాసు కింద పెట్టి ఆలోచనలో పడ్డాడు.

చిక్కంతా అక్కడే ఉంది. నేరం ఒప్పుకున్న మనిషి ఎదురుగా లేనప్పుడు క్షమ ఎవరికివ్వాలి? హైకోర్టు తీర్పు తర్వాత అధికారికంగా ఎనిమిది మంది చనిపోయారు, ఎవరూ చంపలేదు. పైగా మన చట్టం హత్య కేసులో రాజీకి ఒప్పుకోదు. అది రాజ్యానికి వ్యతిరేకంగా జరిగిన నేరం, కన్నతల్లి సరేనన్నా కొట్టేయడానికి లేదు. చట్టం దారి మూసిన రాజీని వెనక గుమ్మంలోంచి తేవడానికి క్రైస్తవాన్ని వాడుకుంటున్నారు. సాక్షులు ‘మేం చూడలేదు’ అని తిరగబడేలా చేయడానికి అంతకంటే మెత్తని పరికరం లేదు. చుండూరు జనం మాత్రం ఇన్నేళ్లూ ఆ పరికరానికి లొంగలేదు. ఓడిపోయారు గానీ, చూసింది చూశామనే చెప్పారు. ఏ జాతి సయోధ్యకైనా మొదట కావాల్సింది అదే. ఈ హైదరాబాద్ సంగతే చూడండి. 1948 పోలీసు చర్య తర్వాత జిల్లాల్లో జరిగిన హత్యాకాండ మీద పండిట్ సుందర్‌లాల్ బృందం నివేదిక ఇస్తే దాన్ని దశాబ్దాల పాటు బయటికి రానివ్వలేదు. చీము తీయకుండా కుట్లు వేశారు.

పోనీ, క్షమ గురించి బైబిలు ఏమంటోంది? ‘డెబ్బై ఏళ్ల మారులు’ అనే మాట అందరికీ నోటికొచ్చు. లూకా సువార్త పదిహేడో అధ్యాయం మాత్రం చాలామంది తిప్పేస్తారు. తప్పు చేసినవాణ్ణి ముందు గద్దించాలి, వాడు మారుమనస్సు పొందితే అప్పుడు క్షమించాలి, అదీ అక్కడున్న వరస. కొండమీద ప్రసంగంలో బలిపీఠం ముందు కానుక వదిలేసి వెళ్లి సమాధానపడాల్సింది ఎవరు? ఎవరి మీద ఎదుటివాడికి ఫిర్యాదు ఉందో వాడు. అంటే తప్పు చేసినవాడు లేచి వెళ్లాలి. మన ఊళ్లలో దీన్ని తలకిందులు చేశారు. దెబ్బతిన్నవాడు గుడ్డలు దులుపుకుని దెబ్బ కొట్టినవాడి అరుగు దగ్గరికి వెళ్లాలి, అక్కడ పెద్దమనుషులు ఉంటారు. సుంకరి జక్కయ్య కథ ఆదివారపు బడి పిల్లలకు కూడా తెలుసు, పొట్టివాడు మేడిచెట్టెక్కాడని పాట పాడిస్తారు. అతను చెట్టు దిగాక ఏం చేశాడో మాత్రం పెద్దల ప్రసంగాల్లో అంతగా వినపడదు. ఆస్తిలో సగం పేదలకు ఇస్తానన్నాడు, అన్యాయంగా గుంజుకున్నదానికి నాలుగింతలు తిరిగిస్తానన్నాడు. ఆ ఇంటికి రక్షణ వచ్చిందన్న మాట ఆ లెక్క చెప్పాకే వచ్చింది.

మంచి శుక్రవారం నాడు చాలా తెలుగు సంఘాల్లో ఏడు మాటల ఆరాధన జరుగుతుంది. ఒక్కో మాటకు ఒక్కో ప్రసంగీకుడు. మొదటి మాట క్షమ గురించి. నారాయణగూడ, చిక్కడపల్లి చుట్టుపక్కల ఆ మూడు గంటలు కూర్చుని విన్నవాళ్లెవరైనా చెప్పగలరు, ఆ మొదటి మాట మీద వచ్చే ప్రసంగం ఎప్పుడూ ‘మనమూ మన శత్రువులను’ అనే చోటికే చేరుతుంది. కానీ ఆ మాట అన్నది ఎవరు? మేకులు దిగినవాడు. సిలువ కింద నిలబడి చూస్తున్న గుంపులోంచి ఎవరూ ‘పోనీలే, క్షమించెయ్’ అని ఆయనకు సలహా ఇవ్వలేదు. మన పెద్దమనుషులు చేస్తున్నది ఆ సలహా ఇవ్వడమే.

ఇక్కడ గ్రాహం స్టెయిన్స్ పేరు తెస్తారని తెలుసు. 1999 జనవరిలో ఒడిశాలోని మనోహర్‌పూర్‌లో ఆయన్నీ, ఇద్దరు కొడుకుల్నీ జీపులో సజీవదహనం చేశారు. భార్య గ్లాడిస్ హంతకులను క్షమిస్తున్నానంది. దేశమంతా చేతులెత్తి మొక్కింది, 2005లో పద్మశ్రీ ఇచ్చింది. ఆ తల్లి గొప్పదనం గురించి వాదన లేదు. కానీ ఆమె క్షమించినా కేసు ఆగలేదు, ఆపమని ఆమె అడగనూ లేదు. దారాసింగ్‌కు పడిన యావజ్జీవాన్ని 2011లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. తన మనసులోని పగ దించుకోవడం ఆమె పని, నేరానికి శిక్ష వేయడం రాజ్యం పని, ఆ రెండూ కలవలేదు. అదే ఒడిశాలో 2008లో కంధమాల్ దళిత, ఆదివాసీ క్రైస్తవుల ఇళ్లు తగలబడ్డాయి. వాళ్లలో గ్లాడిస్‌లా విదేశీయులు లేరు, ఎవరికీ పద్మశ్రీలు రాలేదు. ఊరికి తిరిగి రావాలంటే మతం మారాలని, కేసు వాపసు తీసుకోవాలని తమను బెదిరించారని 2010లో ఢిల్లీలో జస్టిస్ ఏపీ షా అధ్యక్షతన జరిగిన ప్రజా ట్రిబ్యునల్ ముందు బాధితులు చెప్పారు. పెట్టిన 827 కేసుల్లో 315 మూసేశారని, వాటిని మళ్లీ చూడాలని 2016లో సుప్రీంకోర్టే అనాల్సి వచ్చింది. అక్కడ ‘శాంతి’ పేరుతో నడిచిన బేరాన్ని ఎవరైనా క్రైస్తవ సయోధ్య అంటే ఒప్పుకోను.

శిక్షించే దారి ఉండీ వదిలేస్తే దాన్ని క్షమ అంటారు. దారే లేనివాడు వదిలేస్తే అది గతిలేనితనం. మన దళిత క్రైస్తవుడి పరిస్థితి రెండోది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ప్రకారం హిందువు కాని మనిషి షెడ్యూల్డు కులం కాడు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, క్రైస్తవులను, ముస్లింలను బయటే ఉంచారు. 2025 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, కులం పేరుతో తిట్టి కొట్టారని గుంటూరు ప్రాంతపు పాస్టరు ఒకరు పెట్టిన అట్రాసిటీ కేసును కొట్టేసింది. క్రైస్తవుడయ్యాక ఆ చట్టం రక్షణ లేదు పొమ్మంది. ఇలా చట్టం తలుపు మూసిన మనిషి దగ్గరికి వెళ్లి ‘క్షమించు’ అనడం కంటే వెటకారం ఉంటుందా?

క్రైస్తవులు సయోధ్య పనే చేయకూడదని నేననడం లేదు. ఈ నగరంలోనే మంచి ఉదాహరణ ఉంది. హెన్రీ మార్టిన్ ఇన్‌స్టిట్యూట్ 1930లో లాహోర్‌లో పుట్టింది, ముస్లింల మధ్య సువార్త పనికి మిషనరీలను తయారుచేయడానికి. ఊళ్లు మారుతూ 1971లో హైదరాబాద్ వచ్చింది. 1990 డిసెంబరు అల్లర్లలో పాతబస్తీలో వందమందికి పైగా చనిపోయారు, ముఖ్యమంత్రి మర్రి చెన్నారెడ్డి పదవి దిగిపోయారు. ఆ తర్వాత ఆ సంస్థ హిందువులూ ముస్లింలూ పక్కపక్కనే ఉండే సుల్తాన్‌షాహీలో అడుగుపెట్టింది. పిల్లలకు బడి, ఆడవాళ్లకు కుట్టుపని, జబ్బులకు మందులు. రెండు మతాల ఆడవాళ్లు ఒకే గదిలో కుట్టు మిషన్ల ముందు కూర్చున్నారు. మతం మార్చడానికి పుట్టిన సంస్థ తన పేరులోనే సయోధ్యను చేర్చుకుంది. ఆ పని అక్కడ కుదిరిందెందుకంటే, ఆ తగాదాలో క్రైస్తవులు మూడో మనిషి. ఎవరి నెత్తురూ వాళ్ల చేతుల మీద లేదు, వాళ్ల నెత్తురూ పోలేదు. క్షమ గురించి ప్రసంగించాల్సిన అవసరమూ రాలేదు. సుల్తాన్‌షాహీలో సరిపోయిన మూడో మనిషి వేషాన్ని చుండూరుకు తీసుకుపోతే మాత్రం పిరికితనమే అవుతుంది. అక్కడ చర్చి మూడో మనిషి కాదు, రక్తక్షేత్రంలో ఉన్నది దాని బిడ్డలే.

ఇక చర్చే ముద్దాయిగా ఉన్న చోట ఏం చేయాలి? రువాండాలో 1994లో జనం ప్రాణాలు కాపాడుకోవడానికి చర్చిల్లోకి పరుగెత్తారు, న్యామాటా, ఎన్‌టరామా చర్చిల్లోనే వేలమంది హతమయ్యారు. తలదాచుకున్న జనం మీద తన చర్చినే బుల్డోజరుతో కూల్పించిన కతోలిక ఫాదిరీకి అంతర్జాతీయ ట్రిబ్యునల్ 2008లో యావజ్జీవం వేసింది. పోప్ ఫ్రాన్సిస్ 2017లో దేవుణ్ణి క్షమాపణ అడిగారు. ఇరవై మూడేళ్లు పట్టింది.

మనది రువాండా కాదు, కానీ మన చర్చికీ ముద్దాయి బోను ఒకటుంది. ఒంగోలు బాప్టిస్టులు ఎక్కువగా మాదిగల్లో, గుంటూరు లూథరన్లు ఎక్కువగా మాలల్లో పనిచేశారు. నూట యాభై ఏళ్ల తర్వాత కూడా ఫలానా సంఘం ఫలానావాళ్లది అని ఎవరూ ఎవరికీ చెప్పక్కర్లేదు, ఆదివారం గుమ్మం దాటగానే తెలిసిపోతుంది. 1947లో ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ఇతరులు కలిసి దక్షిణ ఇండియా సంఘంగా ఏకమైనప్పుడు ఆ ఐక్యతను ప్రపంచమంతా మెచ్చుకుంది, కానీ లూథరన్లూ బాప్టిస్టులూ బయటే ఉండిపోయారు. ఎస్సీ రిజర్వేషన్లను కులాల వారీగా వర్గీకరించాలని 1994లో ఈదుముడిలో మాదిగ దండోరా మోగింది. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు వర్గీకరణ చెల్లుతుందంది, 2025 ఏప్రిల్ నుంచి తెలంగాణలో అమల్లోకొచ్చింది. ఈ ముప్పై ఏళ్లలో అశోక్‌నగర్ పక్కనే ఇందిరాపార్కు ధర్నాచౌక్‌లో మాదిగ, మాల రెండు వైపుల టెంట్లూ వెలిశాయి. రెండు టెంట్లలోనూ ఆదివారం బైబిలు పట్టుకునే జనం కూర్చున్నారు. ఆ ఇద్దర్నీ ఒక బల్ల దగ్గరికి పిలిచి, ఎవరి వాటా ఎవరు తిన్నారో లెక్క చెప్పించిన బిషప్పు పేరు నాకైతే గుర్తుకురావడం లేదు. దేశాన్ని కలుపుతామనేవాళ్లు ముందు ఈ పని చేసి చూపించాలి.

అందుకే ఈ చుట్టుపక్కల పాస్టర్లకు, సంఘ పెద్దలకు నేరుగా చెబుతున్నాను. దెబ్బతిన్నవాణ్ణి క్షమించమని అడగడం మానండి, అది అతనికీ దేవుడికీ మధ్య సంగతి. మీ సంఘంలో దాడికి గురైన కుటుంబం ఉంటే ఠాణాకు తోడు వెళ్లండి, ఎఫ్‌ఐఆర్‌లో సెక్షన్లు సరిగా రాశారో లేదో చూడండి, సాక్షులు ఊళ్లో నిలబడేదాకా వాళ్ల అద్దె కట్టండి. మీ కమిటీల్లో ఎవరి కులం వాళ్లు ఎంతమందో ఓసారి లెక్కపెట్టి ఆ కాగితం నోటీసు బోర్డు మీద అంటించండి. మంచి శుక్రవారం మొదటి మాట తీసుకునేవాళ్లు ఒక్క ఏడాదైనా చుండూరు ఎనిమిది మంది పేర్లు చదవండి. 1950 ఉత్తర్వు మూడో పేరా తీసేయమని అడిగే ఊరేగింపుకు బ్యానరు పట్టుకోండి. ఇవి చేసినవాళ్లు క్షమ గురించి మాట్లాడితే అప్పుడు కూర్చుని వింటాను.